నాలుగు ఆర్ల తలుపు

ప్రాణహిత గట్టు మీద రేకుల గది.
అందుల టిఫిన్ డబ్బా అంత పెట్టె,
పెట్టెల జావా,
జావాల సున్నా నుంచి ఇరవై మూడు దాక బండిళ్లు.
పద్నాలుగోది నీళ్ల మట్టం చదువుతది,
పదిహేనోది దాన్ని చంద్రపూర్‌కు చెప్తది,
కడమయి ఏం జేస్తయో రాసినోనికే ఎరుక.
వాడు నౌకరీ ఇడిసి రెండేండ్లాయె.

ఒకటి పడితే ఇంకోటి పడదు,
అదే దీని గొప్ప అని ట్రైనింగుల చెప్పిన్రు.
చెప్పనిదేందంటే
పడేది ఎప్పుడూ పద్నాలుగే,
అదీ వాగులెక్కిన రాత్రే.

సిరొంచ నుంచి పద్దెనిమిది కిలోమీటర్లు.
మొదటి వాగు దాక బండి,
ఆడనించి ప్యాంటు మడిచి
ల్యాప్‌టాప్ నెత్తిన పెట్టుకొని నడక.
పోయి కొట్టేది ఇంతే: స్టార్ట్ పద్నాలుగు.
మళ్ల వాపస్.
రెండు మాటలకు ముప్పై ఆరు కిలోమీటర్లు.

అందుకే ఈ ఎండకాలం రిమోట్ షెల్ ఎక్కిచ్చిన.
దానికి ఇరవై నాలుగో నంబరొచ్చింది.
ఇన్‌స్టాల్డ్ అన్నది: ఇంట్లకొచ్చింది గని ఎవ్వల్ని ఎరగదు.
రిజాల్వ్డ్ అన్నది: చుట్టాలు దొరికిన్రు, పనిల దిగలే.
యాక్టివ్.
పోర్టు నంబరు నాలుగు ఆర్లు.

సిరొంచకొచ్చి తట్టిన. తియ్యలే.
పొద్దుమీకేదాక టవర్‌ను తిట్టిన,
ఆఖరికి సెట్టింగుల ఫైలు చదివిన.
ఆ తలుపు తన దిక్కే తెరుసుకుంటదట.
నూట ఇరవై ఏడు, సున్నా, సున్నా, ఒకటి.
లోపలున్నోడు తట్టితే లోపలున్నోడే తీస్తడు.

లోకం దిక్కు తిప్పాల్నంటే ఒక్క గీత మారిస్తే సాలు.
"తిప్పకు" అన్నడు ఏలేటి గంగారాం.
"అది పాస్‌వర్డ్ అడగదు, పేరడగదు,
ఎవడొచ్చినా రామ్ రామ్ అని కూసోబెడ్తది.
నదిని నాలుగు మీటర్లు తక్కువ చూపమంటే చూపిస్తది."
సరే అని ఎస్సెస్‌హెచ్ సొరంగం తవ్విన.
మూడు రాత్రులు.
నాలుగో రాత్రి నల్ల తెర మీద
గింతంత బాణం గుర్తు.
గట్టు మీది గది నా మంచం మీదికొచ్చింది.

జులై. వరద. పద్నాలుగు పడ్డది.
పడనీ అని నవ్వుకుంట చాయ్ పెట్టుకున్న.
ముందుగాల ఆపి, మళ్ల లేపుదామని
స్టాప్ కొట్టిన.
కీబోర్డుల ఒకటి పక్కనే రెండుంటది.
స్టాప్ ఇరవై నాలుగు.

అది సోచాయించలేదు, నన్ను సోచాయించమనలేదు.
బాణం పోయింది.
నేను లోపటికొచ్చిన తలుపును
లోపటినుంచే ఊడబీకి పారేసిన.

గంగారాంకు చెప్పబుద్ధిగాలే.
రెండు గంటలు ఉత్తగ తట్టి
జనాబాయి సడ్మెక్‌కు ఫోన్ జేసిన.
గది తాళం ఆమెతానే ఉంటది.
"బాయీ, డబ్బా బంద్ చేసి చాలూ చెయ్యి."
చేసింది.
పద్నాలుగు లేచింది, చంద్రపూర్‌కు ఎస్సెమ్మెస్ పోయింది.
నా తలుపు లేవలే.
ఆపమన్నవు గదా అని యాదికి పెట్టుకుంటది,
కరెంటు పోయొచ్చినా మరువదు.
పన్నెండో రోజు దాక తగ్గని వాగు లెక్క.

తెల్లారి ప్యాంటు మడిచిన.
స్టార్ట్ ఇరవై నాలుగు.

లేవబోతుంటే గోడ మీద కనబడ్డయి,
బొగ్గుతోని అడ్డగీతలు, పక్కన వంకర అంకెలు.
పచ్చ పట్టీ. పచ్చ మునిగింది. ఎర్రకు జానెడు. ఎర్రకు బెత్తెడు.
నా ఫైల్ల ఖాళీగున్న రెండు గంటలు.
ఎవలు రాయమన్నరు బాయీ అంటే
నన్ను పిచ్చోన్ని చూసినట్టు చూసింది.
"మేకలను ఎప్పుడు లేపాల్నో తెల్వద్దా?"